చింతపండేసి తోమిన నాణెం

మాది సామర్లకోటండి. నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

మా ఆయనకి నాణేల పిచ్చి. ప్లాస్టిక్ డబ్బాలో దాచిన నాణెం చూపించి, "ఇది ప్రూఫ్ నాణెమే, దాచుకునేవాళ్ల కోసం టంకశాలలో ప్రత్యేకంగా అద్దంలా మెరిసేట్టు చేస్తారు. ఇందులో నీ మొహం కనపడుద్ది, సంతలో తిరిగే రూపాయిలో కనపడదు. ముట్టుకోకు" అనేవారు. ఓసారి ఆయన బొటనవేలే తగిలి మచ్చ పడింది. ఆ రోజు అన్నం తినలేదు మహానుభావుడు.

ఆయన సంవత్సరీకానికి ఫొటో ముందు పెడదామని, ఇత్తడి సామానుతోపాటు దాన్నీ చింతపండేసి తోమేశాను.

"అయ్యో, ఆ మచ్చ నాన్న వేలిముద్రమ్మా!" అని అమ్మాయి గొల్లుమంది. చూస్తే మచ్చ పోయింది, అద్దంలాంటి మెరుపూ పోయింది. ఆయన గుర్తుని నా చేతులతోనే కడిగేసుకున్నానండి.

ఇప్పుడది పొద్దస్తమానం నా గుప్పెట్లోనే ఉంటోంది. ముట్టుకోకే అని కసిరే మనిషి లేరుగా.