ఎనిమిది పట్టీల చట్రం

గణపతిరావు గారిలో ఒకే ఒక లోపం ఉండేది: కొలవని కట్టె ఆయన ఇంటి పొయ్యిలోకి వెళ్ళడానికి వీల్లేదు. తక్కిన అన్ని విషయాల్లోనూ ఆయన భరించదగిన మనిషేనని భార్య మంగాయమ్మ గారు ఒప్పుకునేవారు. అయితే తెల్లవారుజామున నాలుగింటికే పొయ్యి వెలగవలసిన ఇంట్లో, తక్కిన విషయాలంటూ మిగిలేవి చాలా తక్కువ.

ఆ పొయ్యి మంగాయమ్మ గారిది. పి.గన్నవరం రోడ్డు మీద, ఇంటి వసారాలోనే ఆవిడ పొట్టిక్కలు వండి అమ్మేవారు. పనసాకులతో కుట్టిన బుట్టల్లో పిండి పోసి ఆవిరి మీద ఉడికించే ఆ పొట్టిక్కల కోసం రాజోలు బస్సు డ్రైవర్లు సైతం బండి పక్కకు ఆపేవారు. వాటికి నిదానంగా, ఒకే తీరుగా మండే సరుగుడు దుంగలు కావాలి. పదిహేను రోజులకొక బండి.

గణపతిరావు గారు కాలవల శాఖలో ముప్ఫయ్యేళ్ళు వర్కు ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. గట్లు కట్టడానికి కాంట్రాక్టర్లు తోలిన రాతి గుట్టలను కొలవడమే ఆయన ఉద్యోగం. పైకి నిండుగా కనిపిస్తూ లోపల బోలుగా ఉండే గుట్టలను ఆయన చూసినన్ని మరొకరు చూసి ఉండరు. తొంభై అయిదులో రిటైరయ్యారు. కొలవడానికి రాళ్ళు లేవు. కట్టెల బండి దొరికింది.

పెరట్లో టేకు కర్రలతో, అడుగు లేని నాలుగు కాళ్ళ చట్రం ఒకటి చేయించారు. ఎత్తు సరిగ్గా నాలుగడుగులు. కాలవలో నీటిమట్టం చూపే గేజికి వేసినట్టు ఒక్కో కాలికీ అర అడుగు చొప్పున ఎరుపూ తెలుపూ పట్టీలు, మొత్తం ఎనిమిది, స్వయంగా రంగు వేశారు. తెచ్చిన దుంగలను బండివాడు ఆ చట్రంలో పేర్చాలి. పైన వెదురు బద్ద అడ్డంగా పెట్టి, గణపతిరావు గారు గొంతుకు కూర్చుని ఒక కన్ను మూస్తారు. బద్ద కింద నుంచి వెలుతురు కనబడిందా, బండి వెనక్కి. తక్కువైన నాలుగు దుంగలు తెచ్చి ఇస్తానంటే కుదరదు. మొత్తం తిరిగి ఎక్కించుకుని వెళ్ళవలసిందే.

రెండో పరీక్ష గొడుగుది. పేర్చిన దుంగల సందుల్లోకి గొడుగు పొడిచి చూసేవారు. పిడి దాకా దిగితే పేర్పు బోలు అన్నమాట. అంబాజీపేట కట్టెల అడితి నుంచి వచ్చిన ఒక బండి ఆ గొడుగును పిడితో సహా మింగేసింది. దాన్ని బయటికి తీయడానికి అన్ని దుంగలూ దింపవలసి వచ్చింది. అప్పుడు గణపతిరావు గారు వంగిపోయిన ఊచలను చూపించి, సాక్ష్యం ఇంతకంటే ఏం కావాలని అడిగారు. ఆ అడితివాళ్ళు మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆయన కొలత రెండువైపులా కోసేది. ఒకసారి రెండు దుంగలు ఎక్కువ వచ్చాయని, వాటిని భుజాన వేసుకుని రెండు మైళ్ళు నడిచి, బండి తోలే లోవరాజు ఇంటి ముందు దింపి వచ్చారు. లోవరాజు సిగ్గుతో చచ్చిపోయాడు.

"పోనీ ఉంచుకోవచ్చు కదండి ఇన్‌స్పెక్టరు గారండి. రెండు కర్రలే కదండి" అన్నాడు.

"ఇవాళ నీ రెండు ఉంచుకుంటే, రేపు నువ్వు నా నాలుగు ఉంచుకుంటావయ్యా."

ఈ మాటకు నొచ్చుకోకుండా నవ్వినవాడు లోవరాజు ఒక్కడే. అందుకే చివరికి ఆ ఇంటికి కట్టెలు తోలేవాడు అతనొక్కడే మిగిలాడు.

బండి వెనక్కి వెళ్ళిన రోజు మంగాయమ్మ గారి పాట్లు చెప్పనలవి కాదు. కొబ్బరి మట్టలు భగ్గున మండి చప్పున ఆరిపోతాయి; పొట్టిక్క మధ్యలో పిండి పిండిగానే ఉండిపోతుంది. డ్రైవర్లు మర్యాదస్తులు కాబట్టి, ఇవాళ ఒంట్లో బాగోలేదాండీ అని అడిగేవారు. గ్యాసు పెట్టించేస్తానని ఆవిడ ఒకసారి బెదిరించారు. సిలిండరులో గ్యాసు ఎంతుందో ఎవరు చూడొచ్చారని ఆయన అడిగి, మర్నాడే సంత నుంచి కాటా ఒకటి తీసుకొచ్చారు. ఆవిడ మళ్ళీ గ్యాసు మాట ఎత్తలేదు.

తొంభై ఎనిమిది ఆషాఢంలో లోవరాజు బండి మీద నుంచి జారిపడ్డాడు. కుడి భుజం ఎముక తప్పింది. నెలన్నర మంచంలో ఉన్నాడు. ఆ నెలన్నరా మంగాయమ్మ గారు మట్టలతోనే నెట్టుకొచ్చారు; రాజోలు బస్సు ఆగడం మానేసింది. చివరికి, గురువారం బండి తోలుకొస్తానని లోవరాజు కబురు పంపాడు. అతని భుజం ఇంకా పూర్తిగా లేవడం లేదని కబురు తెచ్చినవాడు చెప్పాడు.

"ఈ ఒక్కసారికీ కొలవకండి" అన్నారు మంగాయమ్మ గారు. "ఆ చేత్తో దింపిందంతా మళ్ళీ ఎక్కించమంటే ఇంకేమన్నా ఉందా? అతను మానేస్తే నా పొయ్యి ఆరినట్టే."

"కొలవకుండా తీసుకుంటే లోవరాజు ఊరుకుంటాడా? దయతలిచేరనుకుంటాడు. రేపట్నుంచి మన గుమ్మం తొక్కడు" అన్నారు గణపతిరావు గారు.

ఆ మాటలో నిజం ఉంది. అందుకే ఆవిడకు మరింత ఒళ్ళు మండింది. మంగళవారం ఆయన అరటిపళ్ళు పట్టుకుని లోవరాజును చూడబోయారు. బుధవారం మధ్యాహ్నం పెరట్లోంచి రంపం చప్పుడు వినిపిస్తే, ఏమిటది అని ఆవిడ వంటింట్లోంచే అడిగారు.

"చట్రం కాళ్ళు సరిచేస్తున్నాను" అని జవాబు వచ్చింది. మనిషి భుజం విరిగినా ఈయనకు చట్రం కాళ్ళే ముఖ్యమని, ఆ సాయంత్రం ఆవిడ కంచం ఠక్కున పెట్టి వెళ్ళిపోయారు.

గురువారం బండి వచ్చింది. తక్కువుందని దూరం నుంచే తెలుస్తోంది. లోవరాజు ఎడమచేత్తో ఒక్కొక్క దుంగా దింపి పేర్చాడు. గణపతిరావు గారు వెదురు బద్ద పెట్టారు. గొంతుకు కూర్చున్నారు. కన్ను మూశారు. మంగాయమ్మ గారు రెండు కళ్ళూ మూసుకున్నారు.

"నిండింది."

గొడుగు కూడా పొడిచారు. దిగలేదు.

లోవరాజు తల గోక్కున్నాడు. "నిండిందాండి? నాకు మరి తక్కువే అనిపించిందండి."

"నీ కన్ను చెప్పేదా, చట్రం చెప్పేదా?"

"చట్రమేనండి. ఆయ్." అతను ఎడమచేత్తో తువ్వాలు దులుపుకుని, పాత లోవరాజులాగే బండెక్కి వెళ్ళాడు.

మర్నాడు తెల్లవారుజామున మంగాయమ్మ గారు పొయ్యిలోకి కట్టె ఎగదోస్తుంటే ఎర్రరంగు పూసిన చిన్న ముక్క ఒకటి చేతికి తగిలింది. అప్పటికే ఓ మూల అంటుకుంది. ఆర్పి చూశారు. టేకు. అర అడుగు. కట్టెల కుప్ప వెతికితే అలాంటివే మరో మూడు దొరికాయి. కర్రముక్క వృథాగా పారేయడం ఆ మనిషికి చేతకాదు కదా! లాంతరు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి చట్రం కాళ్ళ మీది పట్టీలు లెక్కపెట్టారు. ఏడు. నిన్న అందరూ పైనున్న బద్దనే చూశారు గాని, కిందికి చూసినవారు లేరు.

ఆయన లేచి వేపపుల్ల నోట్లో పెట్టుకునేదాకా ఆగి అడిగారు. "ఏవండీ, చట్రానికి ఎన్ని పట్టీలు వేసేరు?"

"ఎనిమిది వేసేను."

"ఇప్పుడెన్ని ఉన్నాయి?"

గణపతిరావు గారు చాలాసేపు పళ్ళు తోముకున్నారు. "నువ్వు లెక్కపెట్టే అడుగుతున్నావు కదా."

"జన్మలో అబద్ధం ఆడనివాళ్ళు, లోవరాజుతో ఆడేరన్నమాట."

"ఏం ఆడేను? చట్రం నిండిందన్నాను. నిండింది."

ఆవిడ ఆ నాలుగు ముక్కలనూ తుడిచి అటక మీద దాచారు. ఆ తర్వాత వచ్చిన నాలుగు బండ్లూ చట్రానికి సరిపోయాయి. పొయ్యికి మాత్రం చాలలేదు. తక్కువైన మేరకు చెట్ల కింది కొబ్బరి డొక్కలు ఏరుకొచ్చి, పొయ్యిలో దుంగల సందుల్లో సర్దుతూ, ఎవరికీ చెప్పకుండా ఆవిడే గడుపుకొచ్చారు. రాజోలు బస్సు మళ్ళీ ఆగసాగింది.

కార్తీకంలో ఒకరోజు లోవరాజు రెండు చేతులతోనూ దుంగలు విసిరి విసిరి దింపాడు. చట్రం నిండి, పైన మరో వరస, ఆపైన ఇంకో వరస లేచింది. బద్ద పెట్టడానికి చోటు లేదు. గణపతిరావు గారు బద్దను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. ఎక్కువ వస్తే వెనక్కి పంపాలి, అది రూలు. అయితే ఇది ఎక్కువ కాదు, అసలు కొలత. ఆ సంగతి చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి.

మంగాయమ్మ గారు లోపలికి వెళ్ళి నాలుగు టేకు ముక్కలు తెచ్చారు. మూడు శుభ్రంగా ఉన్నాయి, ఒకటి మూల కాలింది.

"లోవరాజూ, చట్రం కాస్త పైకెత్తి పట్టు నాయనా" అన్నారు.

లోవరాజు ఒకవైపు, గణపతిరావు గారు మరోవైపు ఎత్తారు. ఆవిడ ఒక్కో కాలి కిందా ఒక్కో ముక్క దోపారు. బద్ద సరిగ్గా దుంగల మీద ఆనింది. వెలుతురు కనబడలేదు.

లోవరాజు కిందికి వంగి రంపం కోతలను చూశాడు. తర్వాత తన భుజాన్ని ఒకసారి గుండ్రంగా తిప్పి చూసుకున్నాడు. గణపతిరావు గారు అత్యవసరంగా గొడుగు కోసం వెతకడం మొదలుపెట్టారు.

"అయితే ఇన్‌స్పెక్టరు గారండి," అన్నాడు లోవరాజు నెమ్మదిగా, "చట్రానికి కూడా నయమైపోయిందన్నమాటండి."