గుర్రుమనే స్టెబిలైజర్లు

ఎనభైలలో కామారెడ్డిలో, ఒక రేకుల షెడ్డులో, నేను వోల్టేజీ స్టెబిలైజర్లు తయారు చేసేదాన్ని. షెడ్డు మా సారుది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి వచ్చారాయన. దేశానికి కావలసిన యంత్రాలన్నీ దేశంలోనే తయారు కావాలని, అది కామారెడ్డి నుంచే మొదలవ్వాలని ఆయన పట్టుదల. పనిచేసేది మేమిద్దరమే. అయినా నన్ను 'ప్రొడక్షన్ డిపార్ట్‌మెంటు' అనేవారు.

మా మొదటి పెట్టె కొన్నది ఎల్లారెడ్డిలో ఒక ముస్లిం పెద్దావిడ. అందరూ ఆమెను ఖాలా అనేవారు. కొడుకు దుబాయి నుంచి తెచ్చిన జపాన్ టీవీ ఉండేది. పొద్దుగూకగానే వోల్టేజీ పడిపోయి అందులో బొమ్మ అగ్గిపెట్టెంత అయ్యేది. మా పెట్టె తగిలించగానే బొమ్మ తెర నిండా వచ్చింది. పెట్టె మాత్రం గుర్రుమని మోత మొదలుపెట్టింది.

"గిదేంది బేటీ, గురక పెడ్తున్నది?"

సారు మొహం మాడిపోయింది. నేనే అందుకుని, "కష్టపడుతున్నది ఖాలా, గందుకే" అన్నాను.

"నయమే. మా ఇంటాయన కష్టపడకుండనే పెడ్తడు."

ఆమె మాట మీద ఆ గల్లీలో ఇంకొందరు అడిగారు. సారుకు ఆ మోత నామోషీ. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప రేకులు అదురుతున్నాయని కనిపెట్టి, బోల్టులు బిగించారు. కొత్త పెట్టెలు కిక్కురుమనలేదు.

వారం తిరక్కుండా ఖాలా వాటిని బస్సులో వేసుకుని షెడ్డుకొచ్చింది.

"సచ్చిన పెట్టెలు ఇప్పిచ్చిన్నని తిడుతున్నరు. సప్పుడే లేదు!"

"అమ్మా, బొమ్మ మంచిగ వస్తలేదా?" అన్నారు సారు.

"వస్తున్నది. కని గిది పనిచేస్తున్నట్టు ఎట్ల తెలవాలె?"

 "నువ్వే చెయ్యి, నేను చూడలేను" అని సారు పానా నా చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయారు. నేను బోల్టులు వదులు చేస్తుంటే ఖాలా ఒక్కో పెట్టెకు చెవి ఆనించి, "ఇంకింత... ఆఁ, గిప్పుడు జీవమొచ్చింది" అంటూ పాస్ చేసింది.

తర్వాత ఆమె చుట్టాల ద్వారా, మహారాష్ట్రలోని దెగ్లూరు నుంచి ఒక వ్యాపారి ఆర్డరు పంపాడు. సారు అట్టపెట్టెల మీద 'ఎక్స్‌పోర్ట్' అని రాయించారు. "దెగ్లూరు మన దేశమే గద సార్" అంటే, "ముందు రాష్ట్రం దాటనియ్యి" అన్నారు. మోతవి సగం, మోత లేనివి సగం పంపాం.

నెలకు ఉత్తరం వచ్చింది: చప్పుడు చేయనివే ఇంకా పంపమని. సారు దాన్ని నాకు మూడుసార్లు చదివి వినిపించారు. తనివి తీరక, బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లి ఖాలాకూ వినిపించారు.

ఖాలా శ్రద్ధగా విన్నది. "పాపం," అన్నది, "ఆళ్లకు చెవులు మంచిగ లేవేమో."