బొటనవేలికి ముహూర్తం

బస్సులో నిద్రపోయేవాడు పక్కవాడి భుజం మీద పడ్డట్టు, నా కుడికాలి బొటనవేలు పక్క వేలి మీదికి ఒరిగి చాలా కాలమైంది. అది ఒరిగిన కొద్దీ దాని మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చి, ఇప్పుడక్కడ ఉల్లిగడ్డంత గుబ్బ ఉంది. చిన్న ఉల్లిగడ్డే. సానుభూతి కావలసిన రోజుల్లో పెద్దదని చెబుతాను.

ఇంకేదైనా ఉద్యోగమైతే ఇది బూటులో దాక్కునేది. మాది సిద్దిపేటలో బట్టల దుకాణం. చెప్పులు బయట విడిచి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని, పొద్దంతా చీరలు విప్పి చూపించడం నా పని. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లకు ఒక పక్క చీర అంచు కనిపిస్తుంది, ఇంకో పక్క నా పాదం. రెండింటినీ ఒకే శ్రద్ధతో చూస్తారు. అందుకని కూర్చోగానే ఒక చీర విప్పి కాలి మీద కప్పేసుకోవడం అలవాటు చేసుకున్నాను. బేరం ముగిసేదాకా అది కదలదు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి ఈ గుబ్బకు 'బనియన్' అని ఒక ఇంగ్లిషు పేరు చెప్పాడు. ఆ పేరుతో మా దుకాణంలో లోపల తొడుక్కునే బట్ట అమ్ముతాం కనుక ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"కోసి, ఎముక సరిచేసి, స్క్రూలు వెయ్యాలి. కొన్ని వారాలు ఆ కాలు కింద మోపొద్దు. లేదంటే వెడల్పు చెప్పులు వేసుకుని నెట్టుకురావచ్చు. ప్రాణం మీదికొచ్చేదేం కాదు. నీ ఇష్టం" అన్నాడాయన.

నా ఇష్టం అనేసరికి నాకు చెమట పట్టింది. నేను వేసుకునే చొక్కా కూడా అమ్ముడుపోకుండా మిగిలిన గుడ్డతో కుట్టించినదే. అలాంటి నా చేతిలో ఏకంగా ఒక ఎముకను పెట్టాడు.

ఇది తల్లిదండ్రుల నుంచి కూడా రావచ్చని డాక్టరు అన్నట్టు ఇంట్లో చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లకు మా అమ్మా బాపూ ఒకరి కాళ్లు ఒకరు శ్రద్ధగా చూసుకున్నారు.

"మా పుట్టింటోళ్ల వేళ్లు గీత గీసినట్టుంటయ్" అంది అమ్మ.

"అవును, అందరివి మా ఇంటి దిక్కే సూపిస్తయ్" అన్నాడు బాపు.

నేరం ఎవరిదో తేలలేదు. ఇక ఆపరేషన్ ఎప్పుడన్న ప్రశ్న మిగిలింది. పెళ్లి ముహూర్తాలున్న నెలల్లో మాకు ఊపిరాడదు. "లగ్గాల గిరాకీల నువ్వు మంచమెక్కితే, పరుపు మీద నేనొక్కన్నే కూసోవాల్నారా?" అన్నాడు బాపు. శుక్రుడో గురుడో కనబడకుండా పోయే మూఢాలొస్తే పెళ్లిళ్లుండవు, దుకాణంలో ఈగలు తోలుకోవచ్చు. అప్పుడు చేయించుకుంటానంటే అమ్మ ఒప్పుకోలేదు. "మూఢంల కత్తి వెట్టిచ్చుకుంటరార ఎవలన్న?"

ముహూర్తాలుంటే తీరిక లేదు, తీరిక ఉంటే ముహూర్తం లేదు. నా బాధ ఎవరికీ పట్టదని దోస్తుల దగ్గర వాపోయాను. లోపల మాత్రం మహా హాయిగా ఉంది. కత్తి అంటే నాకున్న భయాన్ని అమ్మ, బాపు, శుక్రుడు, గురుడు కలిసి మోస్తున్నారు. నేను ఊరికే కుంటితే సరిపోతుంది.

కానీ కుంటడం దుకాణంలోకి కూడా వచ్చింది. మా మంచి చీరలన్నీ పై గదిలో ఉంటాయి. అక్కడికి సన్నటి ఇనుప మెట్లు. ఎక్కేటప్పుడు ప్రతి మెట్టు అంచూ సరిగ్గా ఆ గుబ్బనే వెతుక్కుని ఒత్తుతుంది, నొప్పి నెత్తికెక్కుతుంది. అందుకని మెల్లగా, చేతికందేంత దూరంలో ఉన్న చీరలే ప్రపంచంలో గొప్పవని అందరికీ నచ్చజెప్పడం మొదలుపెట్టాను.

మొన్న మూఢంలోనే, దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు, నంగునూరు నుంచి ఒక ముసలామె వచ్చింది. తనకే చీర కావాలంది. పండుగా పబ్బం ఏమీ లేదట, కట్టుకోబుద్ధయిందట. నేను విప్పినవన్నీ పక్కకు నెట్టింది.

"మంచియన్ని దాసిపెట్టి గియ్యి సూపిస్తున్నవా కొడుకా?"

ఈ మాట అనకుండా మా దుకాణంలో ఎవరూ చీర కొనరు. నేనూ అలవాటైన జవాబే ఇచ్చాను. "దాసుడేం లేదవ్వా. ఉన్నయే గివి."

"మరి గా నెమలికంఠం రంగుది ఎందుకు తీస్తలేవు?" అంటూ నా కాలి మీది చీర పట్టి ఒక్క గుంజు గుంజింది.

ఉల్లిగడ్డ బయటపడింది. ఆమె వంగి చూసింది.

"గిదా దాసింది?"

"గిది అమ్మేది కాదవ్వా."

"ఉత్తగ ఇచ్చినా నాకొద్దు. నొస్తదా?"

"మెట్లెక్కితే నొస్తది" అన్నాను. ఆలోచించకుండా నోట్లోంచి వచ్చేసింది.

ఆమె తల తిప్పి మెట్ల వైపు చూసింది. "మీద ఏముంటయ్?"

నేను చీర మడత పెడుతూ చాలా పనిలో పడిపోయాను. గల్లా దగ్గరి నుంచి బాపు జవాబు చెప్పాడు.

"మంచియి."

ఆ ఒక్క మాట అని లేచి, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని మెట్లెక్కసాగాడు. ఆయన సగం ఎక్కాక నేను "ఆగు బాపూ, నేను పోత" అన్నాను. మర్యాదకు సమయం చూసుకోవాలి కదా. ఆయన చీరల కట్ట భుజాన వేసుకుని, గోడ పట్టుకుని, పక్కవాటుగా ఒక్కో మెట్టూ దిగాడు. అప్పటిదాకా నా కాలి గురించే తప్ప, నా బదులు ఎక్కే కాలి గురించి నేను ఆలోచించలేదు.

ముసలామె వంకాయరంగు చీర ఏరుకుంది. పోతూ పోతూ నాతో అంది: "బాపుతోని మెట్లెక్కిచ్చి, నువ్వేమో కాలుకు పట్టుచీర కడుతున్నవు. మంచి సోకే కొడుకా."

ఆమె బస్సెక్కేలోపే దవాఖానకు ఫోన్ చేసి, ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా తేదీ ఇమ్మన్నాను. ఇచ్చారు. అదీ మూఢంలోనే పడింది. అమ్మ కాసేపు అలిగి, తర్వాత నా చేతిలోంచి ఫోన్ గుంజుకుని డాక్టరుతోనే మాట్లాడింది. "రాహుకాలం పోయినంక కత్తి వట్టున్రి సారూ." ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. వద్దంటాడేమోనని నాకు చివరి ఆశ ఉండేది, అదీ పోయింది.

సాయంత్రం దుకాణం సర్దుతుంటే బాపు అన్నాడు: "దవాఖానకెళ్లి అచ్చినంక కట్టు కనవడేటట్టు కాలు సాపి కూసో. సీర కప్పకు. మీదియి తెమ్మని ఎవ్వలడుగరు."

"మరి మంచియి ఎట్ల అమ్ముదాం బాపు?"

"ముందుగాలనే కిందికి దించి పెట్టుకుందాం."

ఇన్నాళ్లూ ఈ ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ ఎందుకు రాలేదో తెలియదు. చీరలు కిందికొస్తే మెట్లుండవు, మెట్లు లేకపోతే నొప్పుండదు, నొప్పి లేకపోతే కత్తెందుకు అని అడగడానికి నోరు తెరిచాను. గల్లాకు తాళం వేస్తూ బాపు మోకాలు రుద్దుకుంటున్నాడు. నోరు మూసుకుని పరుపు దులిపాను. ఎలాగూ అమ్మ రాహుకాలం కూడా మాట్లాడేసింది.