మందులిచ్చే కోడలికి మందు ఎవరివ్వాలి?

మా కోడలు అనసూయ గిన్నెడు కందిపప్పు పారబోసిన రోజే ఇంట్లో ఏదో తేడా వచ్చిందని నాకు తెలిసింది. మా ఇంట్లో మెతుకు పారేసే అలవాటు లేదు. మిగిలిన రొట్టెను కూడా మర్నాడు పొద్దున తుంచి తాలింపు పెట్టుకుంటాం. అలాంటి ఇంట్లో, పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన పప్పును పొగలు పోతుండగానే జామచెట్టు మొదట్లో పోసి, ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడింది.

"ఏమాయెనే? మాడిందా?" అన్నాను.

"లేదత్తమ్మా."

"మరి పురుగు పడ్డదా?"

"ఉప్పేసిన్నో బట్టల సోడా ఏసిన్నో యాదికొస్తలేదు. రెండు డబ్బలు పక్కపక్కనే ఉన్నయి."

"నాలిక మీద పెట్టుకుంటే తెల్వదా?"

"పెట్టుకున్న. ఉప్పే. అయినా నమ్మకం కుదురుతలేదు."

ఉప్పని నాలిక చెప్పిన తరువాత కూడా నమ్మకం కుదరకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. ఆ పూట పచ్చిపులుసుతో తిన్నాం. నేను కోపంగా తిన్నాను. ఆమె అసలు తినలేదు.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. అనసూయ ఫార్మసిస్టు. జహీరాబాద్‌లో పెద్ద రోడ్డు పక్కన ఒక ధర్మ దవాఖాన ఉంది. పేరు రాయను. అక్కడ మందుల కిటికీ ఆమెది. నా కొడుకు నర్సింలు కార్ఖానాలో ఫిట్టరు. అతని షిఫ్టులు అతనివి. కాబట్టి కోడలు ఎలా వెళ్లింది, ఎలా వచ్చింది అని చూసేది నేనూ, బడికి వెళ్లే మనవరాలూ. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే సర్దుకోండి.

అప్పట్లో మిక్స్చర్ మందు కోసం సీసా ఎవరికి వాళ్లే ఇంటి నుంచి తెచ్చుకునేవాళ్లు. సారా సీసా, ఆముదం సీసా, ఏది దొరికితే అది. అనసూయ ప్రతి సీసా వాసన చూసి, కడిగించి, మందు పోసి, కాగితం పట్టీకి కత్తెరతో గాట్లు పెట్టి మైదా పిండితో అంటించేది. ఒక గాటు దిగితే ఒక పూట మందు అయిపోయినట్టు. చదువు రాని వాళ్లకు ఆ గాట్లే చదువు.

ముందు ఆ కిటికీ దగ్గర ఇద్దరు ఉండేవాళ్లు. పెద్దాయన ఒకరు పని మానేసి సొంతూరు వెళ్లిపోయారు. ఆయన జాగాలో ఎవరినీ పెట్టలేదు. ఇద్దరి పని ఒక్క మనిషి మీద పడింది. చెరుకు నరికే కాలం వస్తే మరాఠీ కూలీలు, బీదర్ వైపు నుంచి కన్నడం వాళ్లు. మూడు పూటలా తాగాలని "తీన్ వేళా, తీన్ వేళా" అంటూ వేళ్లు చూపించి చెప్పేది. వాళ్లు తలలూపేవాళ్లు. ఇంటికి వచ్చి నన్నడిగేది: "తల ఊపితే సమజైనట్టా అత్తమ్మా, బండి పోతది తొందరగా ఇయ్యిమన్నట్టా?"

మందు అయిపోయిన రోజు తిట్లు కూడా ఆమెకే. "యాడ అమ్ముకున్నవమ్మా మా మందులు?" అని కిటికీలోకి తల పెట్టి అడిగేవాళ్లు. కొనేది ఆమె కాదు, తెప్పించేది ఆమె కాదు. కాని కిటికీలో కనిపించే మొఖం ఆమెదే.

పప్పు పారబోసిన తరువాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. నిద్ర లేదు. గుండె దడ. ముద్ద గొంతు దిగదు. గాజులు వదులై మోచేతి దాకా జారేవి. మనవరాలికి జ్వరం వస్తే సిరప్పు చెంచాలో పోసి, సీసా చూసి, మళ్లీ సీసాలోకే పోసింది. చివరికి నేనే తాగించాను. ఇంట్లో కుదురుగా కూర్చోలేదు. వాకిట్లోకి పోతుంది, లోపలికి వస్తుంది, తలుపు గొళ్లెం చూస్తుంది, మళ్లీ చూస్తుంది. ఆమెను చూస్తుంటే నాకూ కాలు ఒకచోట నిలిచేది కాదు.

జహీరాబాద్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. "పల్స్ ఫాస్ట్‌గా ఉంది, బి.పి. కొంచెం ఎక్కువ. ఇ.సి.జి. తీద్దాం" అన్నారు. తీశారు. రక్తం తీశారు. థైరాయిడ్ టెస్టుకు హైదరాబాద్ పంపారు. అన్నీ వచ్చాక, "ఎవ్రీథింగ్ నార్మల్. ఫికర్ చేయకున్రి" అన్నారు.

నాకు ధైర్యం వచ్చింది. ఆమెకు ఉన్న ధైర్యం పోయింది. బస్టాండు దగ్గర రోడ్డు దాటుతూ అంది: "అన్నీ నార్మలైతే ఈ చేతులెందుకు వణుకుతున్నయి అత్తమ్మా? అంటే నేనే గిట్ల చేసుకుంటున్ననా?"

నర్సింలును హైదరాబాద్‌లో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మన్నాను. "పిచ్చి డాక్టర్ కాడికా అమ్మా? నలుగురు ఏమంటరు?" అన్నాడు.

"నలుగురు వచ్చి నీ పెండ్లానికి నిద్ర తెస్తరా? సెలవు పెట్టు" అన్నాను. పెట్టాడు. నేనూ వెళ్లాను.

ఆ డాక్టరు తల నెరిసిన మనిషి. టెస్టుల కాగితాలు పక్కన పెట్టి, "కాస్త కన్నంటుకుంటే ఏం కలలొస్తాయమ్మా?" అని అడిగారు.

"మందులే ఇస్తుంటా సార్. లైన్ తరగదు."

ఆయన మా వైపు తిరిగి చెప్పారు: "ఇది యాంగ్జైటీ. పని భారంతో వచ్చిన ఎగ్జాస్షన్. గుండెకేం కాలేదు, మతీ పోలేదు. బావిలో నీళ్లు తోడిందే తోడితే చివరికి బురద వస్తుంది. ఊట రావడానికి వ్యవధి ఇవ్వాలి." రెండు రకాల గోలీలు రాశారు. కొన్నాళ్లు సెలవు పెట్టమన్నారు. చీటీ అనసూయ చేతికిచ్చి, "నీకు చెప్పేదేముంది, నువ్వే ఫార్మసిస్టువి" అని నవ్వారు.

మేమూ నవ్వాం. ఊరందరికీ మందులిచ్చే మనిషికి తన గోలీలు ఎలా వేసుకోవాలో ఒకరు చెప్పాలా? ఆ మాట మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

కొన్నాళ్లు ఇంట్లో ఉంది. దవాఖాన నుంచి మీద మీద కబుర్లు వస్తుంటే సెలవు తీరకముందే కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది. గోలీలు వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నానంది. మనిషి మాత్రం రోజురోజుకూ ఎండిపోతోంది.

ఒక మధ్యాహ్నం ఆమెకు అన్నం టిఫిన్‌లో పెట్టుకుని తీసుకెళ్లాను. కిటికీ తెరిచే ఉంది. లోపల మనిషి లేదు. బయట లైను అరుస్తోంది. చూస్తే, చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీద బస్సుకు చేయి ఎత్తుతోంది. పరిగెత్తి నేనూ ఎక్కాను.

"యాడికే?"

"చిరాగ్‌పల్లి. పొద్దుగాల ఒక పోరనికి దగ్గు మందు ఇచ్చిన. అది దగ్గు మందు కాదేమో. కీళ్లకు పూసేది పోసిన్నేమో. తాగితే పోరడు ఆగమైతడత్తమ్మా."

బస్సు ఎంత పోయినా పోనట్టే ఉంది. ఆమె సీటు అంచు మీద కూర్చుని, మాటిమాటికీ లేచి డ్రైవరు వైపు చూస్తోంది. టిఫిన్ నా ఒళ్లో ఉంది. నేను దేవుళ్లందరినీ పిలుస్తున్నాను.

చిరాగ్‌పల్లిలో చెరుకు కూలీల గుడిసెలు రోడ్డుకు దగ్గరే. పిల్లాడు తల్లి ఒళ్లో దగ్గుతున్నాడు. సీసా ఇంకా తెరవలేదు. అనసూయ సీసా గుంజుకున్నట్టే తీసుకుని, మూత తీసి, వాసన చూసి, అరచేతిలో పోసుకుని నాకింది. "దగ్గు మందే" అంది. మళ్లీ వాసన చూసింది. "దగ్గు మందే." మళ్లీ చూసింది.

తెలుగు తెలిసిన కూలీల మేస్త్రీ ఒకడు నవ్వుతూ, "ఏందమ్మా, ఇచ్చిన మందు వాపస్ కొంటపోతవా?" అన్నాడు. పిల్లాడి తల్లి నవ్వలేదు. అనసూయ మొఖం చూసింది, వణుకుతున్న చేతులు చూసింది. సీసా అందుకుని, మందంతా నేల మీద వంచేసింది. మరాఠీలో ఏదో అంది.

"ఇచ్చినామెకే నమ్మకం లేకుంటే నా కొడుక్కు ఎట్ల తాపాలె, అంటుంది" అన్నాడు మేస్త్రీ.

అది మంచి మందు. సరైన మందు. మట్టి తాగేసింది.

అనసూయ రోడ్డు పక్కన కూలబడింది. "పప్పు పోయింది, మందు పోయింది. రేపు నిజంగనే తప్పు చేస్త. ఎవరి పాణమో తీస్త. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు" అంది. లారీలు మా మీద దుమ్ము కొడుతూ బొంబాయి వైపు పోతున్నాయి. ఈమె నా ఇంట్లో మనిషిగా మిగులుతుందా లేదా అన్న భయం నాకు మొదటిసారి అక్కడ పట్టుకుంది. తిరిగి వెళ్లాక దవాఖాన డాక్టరుతోనే మందు పోయించి, ఆ మేస్త్రీ చేతికి అందే ఏర్పాటు చేశాను. ఆ తరువాతే అన్నం టిఫిన్ తెరిచాం.

ఇంటికి వచ్చి, ఈ పూట గోలీ నా చేత్తో ఇద్దామని వెతికాను. చీరల పెట్టెలో అడుగున దొరికాయి. కిటికీలో పొడి మందులు కట్టినట్టే, కాగితం చక్కగా మడిచిన పొట్లాలు. విప్పితే తెల్లవీ పసుపువీ, ఒక్కటీ తగ్గకుండా.

"ఏందివి?"

తల వంచుకుంది. "మింగితే మత్తొస్తది. మత్తుల కిటికీ కాడ కూసుంటే తప్పు చేస్త గద. వాటి గుణం నాకెరుకే అత్తమ్మా."

మళ్లీ హైదరాబాద్. పొట్లాలు డాక్టరు బల్ల మీద పెట్టాను. ఆయన ఈసారి నవ్వలేదు. "పొరపాటు నాది. ఫార్మసిస్టు కదా అని చీటీ చేతికిచ్చాను. ఇక నుంచి ఈమె పేషెంటు, అంతే. మందులు మీ దగ్గర ఉండాలి పెద్దమ్మా. నేను చెప్పేదాకా కిటికీ దగ్గరికి పంపొద్దు."

"నాకు ఇంగ్లీషు రాదు సారూ."

"పొద్దున తెల్లది, రాత్రి పసుపుది. ఇంగ్లీషెందుకు? మింగిందో లేదో చూడండి. ఇంకో మాట. ఖాళీగా ఉంచొద్దు. తప్పు జరిగినా ఎవరికీ ఏమీ కాని పని చేయించండి."

గోలీలను బీరువాలో పెట్టి తాళం చెవి బొడ్డున దోపుకున్నాను. పొద్దున, రాత్రి చెంబుతో నీళ్లు పట్టుకుని ఆమె ముందు నిలబడేదాన్ని.

"చెయ్యి చాపు. మింగు. నోరు తెరువు. నాలిక లేపు."

"నేనేమన్న దొంగనా అత్తమ్మా?"

"దాసింది ఎవరు మరి, నేనా?"

తేలికగా జరగలేదు. మొదట్లో నోరెండిపోయేది. కళ్లు తిరిగి ఒకసారి నల్లా దగ్గర పడింది. డాక్టరుకు ఫోన్ చేయిస్తే డోసు తగ్గించారు. కొంచెం కుదుటపడగానే, "ఇవి అలవాటైతయట, బంద్ చేస్త" అని మొండికేసింది. పక్కింటామె నాతో, "అత్త కోడలికి చాకిరి చేసుడు ఈడనే సూస్తున్న" అంది. "సూసినవ్ గద, ఇగ పో" అన్నాను. డాక్టరు ఆపమన్న రోజు ఆపుదామని కోడలికి చెప్పాను. అంతవరకూ తాళం నా దగ్గరే.

పని సంగతికొస్తే, మా తమ్ముడి చేనులో అల్లం తవ్వుతున్నారు. బస్తా తెప్పించి అనసూయ ముందు పోశాను. "మట్టి కడుగు. ఒక ముక్కకు మట్టి ఉంటే ఎవడూ సావడు." మొదట ఒక్కో కొమ్మును తిప్పి తిప్పి కడిగింది. పోను పోను చేతులు వాటంతట అవే నడిచాయి. ఒకరోజు అల్లం కడుగుతూ గోడకు ఆనుకుని నిద్రపోయింది. నీళ్లు కారిపోతున్నా నేను లేపలేదు. నల్లా కట్టేసి వచ్చాను.

దవాఖాన మేనేజరు ఇంటికొచ్చాడు. "పెద్దమ్మా, జనం గోసపడుతున్నరు. కోడల్ని పంపు."

"గోసపడేటోళ్లల్ల నా కోడలు గూడ ఉన్నది. ఇంకో మనిషిని పెట్టున్రి, పంపుత."

"మనిషి దొరుకుతలేడు."

"దొరికినంక రా. చాయ్ తాగి పో."

ఆ ఉద్యోగం పోతుందేమోనని నర్సింలు జంకాడు. నేను జంకలేదు. చెరుకు కాలం అయిపోయి, వానలు పడి, మళ్లీ చలి మొదలయ్యాక రెండో ఫార్మసిస్టు వచ్చాడు. మధ్యాహ్నం అన్నం వేళ కిటికీ మూస్తామని పలక రాసి తగిలించారు. డాక్టరును అడిగి అప్పుడు పంపాను.

మొదటి రోజు నేనూ వెళ్లి లైనులో నిలబడ్డాను. నాకు నిజంగానే దగ్గు ఉంది. ఉత్తినే మందు ఖరాబు చేసే మనిషిని కాను. నా వంతు వచ్చింది. సీసా ఇచ్చాను. వాసన చూసింది, కడిగించింది, మందు పోసింది, గాట్ల కాగితం అంటించింది. సీసా పైకెత్తి ఒక్కసారి చూసి నా వైపు తోసింది.

"ఇంకోపారి సూస్కోవా?" అన్నాను.

"సూసిన. ఎనుక మనుషులున్నరు, జరుగు అత్తమ్మా."

జరిగాను. అంత కసిరినా నాకు సంతోషంగానే ఉంది.

ఇది జరిగి ఏళ్లు గడిచాయి. గోలీలను డాక్టరే మెల్లగా తగ్గించి ఆపారు. ఇప్పటికీ చెరుకు కాలంలో లైను పెరిగితే, ఇంటికొచ్చి వాకిలీ ఇల్లూ ఒకటే తిరుగుతుంది. అప్పుడు నాతో చెబుతుంది, దాచదు. మర్నాడు సెలవు పెడుతుంది, లేదా ఇద్దరం కూర్చుని అల్లం కడుగుతాం. ఉప్పూ సోడా ఇప్పటికీ ఆ అరలోనే పక్కపక్కన ఉన్నాయి. వేరే పెడతానంటే ఆమే వద్దంది.

నాకిప్పుడు బి.పి. వచ్చింది. రోజూ ఒక గోలీ. నా గోలీ నేను వేసుకోలేనా అన్నాను. అనసూయ వినలేదు. బీరువా తాళం ఇప్పుడు ఆమె బొడ్డున ఉంది. చెంబుతో నీళ్లు తెచ్చి, "నోరు తెరువు అత్తమ్మా, నాలిక లేపు" అంటుంది.

మీ ఇంట్లో డాక్టరు ఉన్నా, నర్సు ఉన్నా, మందుల షాపులో పని చేసేవాళ్లున్నా, వాళ్లకు జబ్బు చేస్తే వాళ్ల మందు వాళ్ల చేతికి వదలకండి. చదువు లేకపోయినా ఫరవాలేదు. ఇంకొకరు ఇవ్వాలి, మింగేదాకా ఎదురుగా నిలబడాలి.