నికార్సైన కార్డు

ఆ పాటల హాలు గుమ్మం దగ్గర ఎత్తు స్టూలు మీద కూర్చునే మనిషికి పనివాళ్లు పెట్టుకున్న పేరు భూతద్దం. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. అన్నా సంతోషించేవాడేమో, ఆయన కంటికి ఆయన్ని మించిన అభిమాని లేడు మరి. లోపల పాటతో పాటు మందు పోస్తారు. ఇరవై ఒకటి నిండనివాళ్లు గడప దాటకూడదని ఆ రాష్ట్రంలో చట్టం. కాబట్టి ఎంతటివాడైనా ముందు ఆయన చేతిలో పుట్టిన తేదీ ఉన్న గుర్తింపు కార్డు పెట్టి, ఆయన చేత నాలుగు మాటలు పడి, ఆ తర్వాతే లోపలికి వెళ్లాలి.

ఈ పనికి రాకముందు ఆ కార్డులిచ్చే లైసెన్సుల ఆఫీసు పక్క సందులో, లామినేషన్ షాపులో తొమ్మిదేళ్లు చేశాడు. అంచు అతుకు ఎక్కడ లేస్తుందో గోటితో తడిమి చెప్పేస్తాడు. కొంచెం వంచి వదిలితే అసలు కార్డు టక్కున నిటారవుతుంది, నకిలీది నీరసపడుతుంది. ఊదారంగు లైటు కింద పెడితే అసలు ముద్ర పైకి తేలుతుంది. ఇవన్నీ ఏ గుమ్మం దగ్గరైనా చేసేవే. ఆయన సొంత విద్య వేరు, దాని పేరు తిట్టు పరీక్ష. అక్క కార్డు పట్టుకొచ్చిన చెల్లెలు ఎంత తిట్టినా పడుతుంది, "సార్, సార్" అంటుంది, బట్టీపట్టిన పుట్టినరోజు గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పేస్తుంది. సొంత కార్డున్న మనిషికి మాత్రం ఒళ్లు మండుతుంది. అందుకని ఆయన ప్రతివాళ్లకూ ఒళ్లు మండిస్తాడు.

ఇరవై ఏళ్లు అదే పని చేసేసరికి ఆ రోగం ఇంటికీ పాకింది. మర్యాదగా మాట్లాడే మనిషిని నమ్మడం మానేశాడు. పెళ్లి చేసుకుంటానని కూతురు తీసుకొచ్చిన అబ్బాయి, పాపం, నోట్లో నాలుక లేనివాడు. "అలాగేనండి మామయ్యగారూ" అన్నందుకు అతన్ని పుట్టిన తేదీ మూడుసార్లు అడిగి, కార్డు తీయమన్నాడు. పెళ్లి ఈయన లేకుండానే జరిగింది. కూతురు మాట్లాడి రెండేళ్లయింది. "ఇంకో రెండు తిట్టుంటే వాడి బండారం బయటపడేది" అని ఇప్పటికీ భార్యతో అంటాడు. ఆవిడ చేతిలో గిన్నె ఠంగుమని పెట్టి అవతలికి వెళ్లిపోతుంది.

హాల్లో ఆయనకు ఒకే ఒక్క శత్రువు, మేనేజరు. యజమానికి బావమరిది కావడం తప్ప వేరే అర్హత లేదని ఈయన నమ్మకం. అతను ఆ మధ్య ఒక మెషీను ఫొటో పట్టుకొచ్చాడు. కార్డు దూరిస్తే వయసు లెక్కేసి ఎర్రదీపమో పచ్చదీపమో వెలిగిస్తుందట.

"మీ మెషీను తిట్టగలదా?" అన్నాడు భూతద్దం.

"తిట్టదు పెద్దాయనా, అందుకే కొంటానంటున్నా. నీ నోటికి భయపడి వచ్చేవాళ్లు కూడా రావట్లేదు. బావగారి మొహం చూసి ఊరుకుంటున్నా. తనిఖీకొచ్చే లైసెన్సు డిపార్ట్‌మెంటు వాళ్లకు ఒక్క తప్పు దొరికిందా, ఆ రోజే నీ స్టూలు ఎత్తేయిస్తా."

"ఇరవై ఏళ్లు. ఒక్క నకిలీ దాటలేదు ఈ గడప. రాసుకో."

మేనేజరు ఊరుకోలేదు. మర్నాడు గుమ్మం పక్కన ఒక పలక తగిలించాడు: ఈ తేదీన గానీ అంతకుముందు గానీ పుట్టినవారికే ప్రవేశం. తేదీ రోజూ మారుస్తారు. లెక్క కూడా చేసుకోనక్కర్లేదు, పోల్చి చూసుకుంటే చాలు. భూతద్దానికి తల కొట్టేసినట్టయింది. తనకు కూడికలు తీసివేతలు నేర్పుతారా? కోటు విప్పి ఆ మేకుకే తగిలించాడు. పలక కోటు కిందే ఉండిపోయింది.

శనివారం మధ్యాహ్నం మూడింటి కచేరీకి వరస బాగా పెరిగింది. ఎండకు చిరాకుపడుతూ ఒక అమ్మాయి ముందుకొచ్చి కార్డు ఇచ్చింది. భూతద్దం ఎగాదిగా చూశాడు. గోటితో అంచు తడిమాడు, వంచి వదిలాడు, లైటు కింద పెట్టాడు. ముద్ర తేలింది. ఇక మిగిలింది తన విద్య.

"ఫొటోలో పిల్ల లక్షణంగా ఉంది. నువ్వెవరివమ్మా, వాళ్లింట్లో పనిమనిషివా?"

అమ్మాయి అగ్గిమీద గుగ్గిలమైంది. "నోరు అదుపులో పెట్టుకోండి! కార్డు చూడ్డం మీ పని, మొహాలకు వంకలు పెట్టడం కాదు."

"పుట్టిన తేదీ?"

"చేతిలోనే ఉందిగా, కళ్లు లేవా?" అని తిట్టి, తేదీ, నెల, సంవత్సరం విసురుగా చెప్పింది. ఆయన కార్డులో చూసుకున్నాడు. అక్షరం పొల్లుపోలేదు. మనసు చల్లబడింది. ఇన్నాళ్లకు ఇంత చక్కగా మండిన మనిషి దొరికింది.

"నికార్సైన కార్డు" అని వరసంతా వినేలా ప్రకటించి, ఆమె చేతి మీద ముద్ర వేసి లోపలికి పంపాడు.

పది నిమిషాల్లో ఆ అమ్మాయి తిరిగొచ్చింది. పక్కన లైసెన్సు డిపార్ట్‌మెంటు అధికారిణి ఉంది, వెనకాల పాలిపోయిన మొహంతో మేనేజరు. గుమ్మం దగ్గర వయసు చూస్తున్నారో లేదో తెలుసుకోడానికి అమ్మాయిని పంపింది డిపార్ట్‌మెంటే. అలా వచ్చేవాళ్లు అబద్ధం ఆడకూడదు, సొంత కార్డే చూపాలి.

"ఈమె కార్డు మీరు చూశారా?" అంది అధికారిణి.

"చూశానండి. అసలుదే."

"అసలుదేనండీ, మా ఆఫీసు ఇచ్చిందే. ఈమెకు ఇరవై ఒకటి నిండడానికి ఇంకా ఏడు నెలలుంది." ఆవిడ మేకు మీది కోటు పక్కకు తీసి, పలక మీద తేదీ చూసి, కోటు మళ్లీ అలాగే వదిలేసింది. "తేదీ ఆమె నోటితో కూడా చెప్పిందట కదా."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కార్డు అసలుదా కాదా అన్నది తప్ప కార్డు ఏం చెబుతోందో ఆయన చూడనేలేదు. ఎన్నాళ్లుగా చూడటంలేదో కూడా ఆయనకు తెలియదు.

అప్పుడొక దారి కనపడింది. చట్టం ఆయనకు కంఠతా వచ్చు. నకిలీ కార్డు చూపినవాడిది నేరం, తన కార్డు ఇంకొకరికి అరువిచ్చినవాడిదీ నేరం. బాగా చేసిన నకిలీ చూసి మోసపోయిన ద్వారపాలకుడిని మాత్రం చట్టం మన్నిస్తుంది.

"అమ్మా, ఇప్పుడు చూస్తుంటే..." నీళ్లు నమిలాడు. "ఇది నకిలీలాగే ఉందండి. చాలా పనితనంతో చేశారు. నేను మోసపోయాను."

అమ్మాయి మొహంలో కోపం పోయి, అసహ్యం మిగిలింది. మేనేజరు ముందుకొచ్చాడు.

"ఇరవై ఏళ్లలో ఒక్కటీ దాటలేదన్నావు?"

"దాటింది" అన్నాడు భూతద్దం తలవంచుకుని. "దాటాయి. చాలా దాటాయి."

"కార్డు మాదని చెప్పాక కూడానా?" అంది అధికారిణి, విసుగ్గా. "నకిలీ అని సంతకం పెట్టి ఇస్తారా? పెడితే తప్పుడు వాంగ్మూలం కింద ఇంకో కేసు రాయాలి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. మేనేజరు స్టూలు లాగి గోడవారకు తోసేశాడు. భూతద్దం నిలబడే ఉన్నాడు.

"కేసు మీ పేరున రాయాలి. మీ కార్డు ఇవ్వండి" అంది ఆవిడ.

జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని వంచలేదు, గీకలేదు, లైటు కింద పెట్టలేదు. పుట్టిన తేదీ చదివి కాగితం మీద రాసుకుంది. ఆ చదవడానికి ఆవిడకు రెండు క్షణాలు కూడా పట్టలేదు.