కాళ్లకు డబల్ క్లాసు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెప్పినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. సిలబస్ పూర్తి కావాలి. భూకంపం వచ్చినా పూర్తి కావాలి. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ రోజుల్లో వారం వారం బందులుండేవి. షట్టర్లు దిగేవి, సిటీ బస్సులు డిపోల్లోనే ఉండిపోయేవి. పోయిన క్లాసులన్నిటినీ ఆదివారం పొద్దున ఆరింటి నుంచి డబల్ క్లాసులుగా లాగించేవాళ్లం. ఆ పనిలో నన్ను మించినవాళ్లు లేరని మా సెంటర్లో చెప్పుకునేవారు. నేనూ కాదనేదాన్ని కాదు. అదే తెలివి ఇంట్లో ఏడేళ్ల పిల్ల కాళ్ల మీద ప్రయోగించాను.

మా అమ్మాయికి పుట్టినప్పుడు మెదడుకు ప్రాణవాయువు సరిగా అందలేదు. మాట ఆలస్యంగా వచ్చింది, తెలివి చురుగ్గానే వచ్చింది. కాళ్ల కండరాలు మాత్రం బిగుసుకుపోయి మడమలు నేలకు ఆనేవి కావు. వారానికి మూడుసార్లు ఆటోలో ఫిజియోథెరపీకి తీసుకెళ్లేదాన్ని. ఇంట్లో రోజూ కాళ్లకు నూనె రాసి, మడమ పట్టుకుని, పాదాన్ని పైకి వంచి ముప్పై లెక్కపెట్టాలి. అలా రెండేళ్లు చేస్తే వాకర్ పట్టుకుని నిలబడింది, నాలుగడుగులు వేసింది. ఈ సాగదీయడం నెల రోజులు ఆగినా కండరం మళ్లీ కుంచించుకుపోతుందనీ, అప్పుడు వాకర్ కూడా పనికిరాదనీ థెరపిస్టు ముందే చెప్పింది. మా ఆయన ఉద్యోగం విజయవాడలో. బందులున్న వారం రాలేకపోయేవారు. కాబట్టి ఆ కాళ్ల భారమంతా నా రెండు చేతులదే.

ఒకసారి వరసగా బందులొచ్చి రెండు వారాల్లో ఐదుసార్లు థెరపీ తప్పింది. ఆదివారం పొద్దున టైంటేబుల్ వేసుకుని కూర్చున్నాను. ఒక్కో కాలికి రెట్టింపు సార్లు, ముప్పైకి బదులు అరవై. పిల్ల ముందు గునిసింది, తర్వాత ఏడ్చింది. "అయిపోయింది అమ్మలూ, కొంచెమే, కొంచెమే" అంటూ నేను లెక్కపెడుతూనే ఉన్నాను. నలభై దగ్గర గొంతు చించుకుని అరిచింది. నేను అరవై పూర్తి చేశాను.

మర్నాడు నూనె సీసా చూడగానే కాళ్లు దుప్పట్లోకి లాక్కుంది. దగ్గరికెళ్తే గోడకు అతుక్కుపోయింది. మూడో రోజూ అంతే. నాలుగో రోజు నేను ఉత్త చేతులతో వెళ్లినా ఆ చేతులవైపే చూస్తూ వెనక్కి జరిగింది. కన్నబిడ్డ నా చేతులకు భయపడింది. ఈ మాట రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది, అయినా రాస్తున్నాను.

థెరపిస్టుకు ఫోన్ చేశాను. "పోయిన రోజు పోయినట్టే మేడం, డబల్ ఎవరు చెయ్యమన్నరు? కండరానికి నిన్నటి సంగతి యాదికుండదు, పిల్లకుంటది. ముందు ఆమె భయం పోవాలె. అప్పటిదాక బలవంతం చెయ్యకుండ్రి" అంది. ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేదు. నేను చూస్తుండగానే రోజులు గడిచిపోతున్నాయి.

నన్ను నేను తిట్టుకోవడంలో నాకెప్పుడూ ఫస్టు ర్యాంకే. ఒక పొద్దున బట్టలు ఉతుకుతూ పైకే మొదలుపెట్టాను. "రాక్షసీ, నీకు పిల్లెందుకే? చెయ్యి పడిపోను!" పక్క పోర్షన్‌లో ఉండే ఇంటి ఓనరమ్మ బకెట్‌తో వచ్చి నిలబడింది. నల్గొండ పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి.

"ఎవర్ని తిడుతున్నవ్ బిడ్డా?"

"నన్నే పిన్నిగారూ."

"గా మాటలు నన్నని ఉంటే నీతోని ఇల్లు ఖాళీ చేపిస్తుంటి. నిన్ను నువ్వంటే మాత్రం ఎట్ల ఊకుంటున్నవ్?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నేను చేసిన పని మీకు తెలియదండీ" అని కస్సుమన్నాను.

"తెల్వకేంది, గోడ పక్కనే ఉంట గద. పిల్ల ఏడుపు ఇన్న, నీ ఏడుపు ఇన్న" అంది. ఆ ఆదివారం నేను కూడా ఏడ్చానన్న సంగతి నాకే తెలియదు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూసింది. "ఏంది గివి, కట్టెల లెక్క ఉన్నయ్? నీ చేతులే గిట్ల బిగుసుకపోతే పిల్ల కాళ్లు ఎట్ల వదులైతయ్?" నన్ను మా ఇంట్లోకే లాక్కెళ్లి, గిన్నెలో నువ్వుల నూనె వెచ్చచేసి, నా వేళ్లు ఒక్కొక్కటే ఒత్తడం మొదలుపెట్టింది. "ఏం చెయ్యకు. జర మెల్లగ ఊపిరి తీస్కో. ఊకె కూసో" అంది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాని పని. మూడు ఊపిర్లు తీసేసరికి నా గుండె దడ నాకే వినిపించింది. రోజూ ఈ దడతోనే పిల్ల పాదం పట్టుకుంటున్నానన్నమాట. నా దగ్గర ఏమీ ఆశించకుండా నా చేతులు ఒకరు పట్టుకుని ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. వెక్కివెక్కి ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు. మంచం మీంచి మా అమ్మాయి రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

అప్పట్నుంచి రోజూ అదే పని. పిల్ల జోలికి పోకుండా, ఆమె చూస్తుండగా, నూనె వెచ్చచేసుకుని నా చేతులు నేనే ఒత్తుకునేదాన్ని. లోపల్నుంచి తిట్టు తన్నుకొస్తే, ఇదే తప్పు చేసి ఇంకో తల్లి నా దగ్గరికొస్తే ఏమంటానో ఆ మాటలే నాకు చెప్పుకునేదాన్ని. అలసిపోయావు, భయపడ్డావు, పొరపాటు చేశావు, మళ్లీ చెయ్యవు. మొదట్లో నాటకంలా ఉండేది. వారం తిరిగేసరికి అది నాటకమో నిజమో ఆలోచించడం మానేశాను. పిల్ల మాత్రం నన్ను గానీ థెరపిస్టును గానీ కాళ్లు ముట్టుకోనివ్వలేదు. వాకర్ పట్టుకున్నప్పుడు మడమలు మునుపటికన్నా పైకి లేస్తున్నాయి.

అంతలో పెద్ద రోడ్డు మీద వంటావార్పు అన్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని నిరసన తెలపడం. "పిల్లను తోల్కరా, రోడ్డంత ఖాళీ" అంది ఓనరమ్మ. నోరు తెరిస్తే నా గుంటూరు యాస బయటపడుతుందని జంకాను. "నేనుంట గద, ఎవరేమంటరు? నడువ్" అంది.

విజయవాడ హైవే మీద ఒక్క బండి లేదు. మా గల్లీలో రాళ్లకు వాకర్ తట్టుకునేది. అంత నున్నటి నేల, అంత వెడల్పు మా అమ్మాయి ఎన్నడూ చూడలేదు. వాకర్ పట్టుకుని నన్నడక్కుండానే బయల్దేరింది. వంకాయలు కోస్తున్న ఆడవాళ్లు "జరుగుండ్రి, జరుగుండ్రి, బండొస్తుంది!" అని నవ్వుతూ దారిచ్చారు. నేనూ కత్తిపీట ముందు కూర్చుంటే, "అక్కా, ముక్కలు చెయ్యి, ఇది మీ గుత్తొంకాయ కాదు" అని ఒకామె ఆటపట్టించింది. నా యాస గురించి అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

పన్నెండో అడుగుకు పిల్ల కాళ్లు బిగుసుకున్నాయి. మునివేళ్ల మీద ఆగిపోయింది. నేను పరుగెత్తాను. "ఇంకో ఐదడుగులు" అనే మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఎత్తుకోనిచ్చింది గానీ కాళ్ల మీద చెయ్యి పడగానే ముడుచుకుంది. చాప మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాను. మూడు ఊపిర్లు తీసి, వేళ్లు ఒత్తుకోవడం మొదలుపెట్టాను.

"నొప్పా?" అంది మా అమ్మాయి.

"కొంచెం."

నా బొటనవేలు తన గుప్పిట్లో పట్టుకుని ఒత్తింది, ఓనరమ్మ ఒత్తినట్టే. తర్వాత తన మేజోడు లాగేసి, పాదం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

నేను ముట్టుకోలేదు. "ఎంతవరకు లెక్కపెట్టను?" అని అడిగాను. ఏడేళ్లలో ఆ మాట ఆమెను ఎప్పుడూ అడగలేదు.

ఆలోచించుకుని "పది" అంది.

మడమ పట్టుకుని పాదం నెమ్మదిగా పైకి వంచాను. పది లెక్కపెట్టాను. కండరం ఇంకా గట్టిగానే ఉంది. ఇంకో ఇరవై లెక్కపెడితే వదులవుతుందని నాకు తెలుసు. చేతులు తీసేశాను.

ఆమె పాదం వెనక్కి తీసుకోలేదు. నేనేదో మర్చిపోయినట్టు నా మొహంలోకి చూసి, "పదకొండు" అంది.