పప్పన్నం దగ్గర ఆగిన లెక్క

ఈ మధ్యాహ్నం రాజోలులో పెళ్లి భోజనానికి వెళ్లి పరువు పోగొట్టుకుని వచ్చాను.

రేపు మా అమలాపురం కాలేజీలో నాలుగు కంప్యూటర్లను కలిపి ఒకే లెక్క చేయించి చూపించాలి. అదేమో ఒక్క కంప్యూటరు చేసినంత నెమ్మదిగానే సాగుతోంది. కారణం ఈ పొద్దున్నే దొరికింది. ఆ ఉత్సాహంలో విస్తరి ముందు కూర్చోగానే, పక్కనున్న తోటి లెక్చరరుకు చెప్పడం మొదలుపెట్టాను.

"మాట్రిక్స్ పట్టిక నిండా సున్నాలేనండీ, వాటితో పనే ఉండదు. నాలుగు కంప్యూటర్లకీ వరసలు సమానంగానే పంచాం గానీ, ఉన్న కాసిని అంకెలూ నాలుగోదాని వాటాలోనే పడ్డాయి. మిగతా మూడూ పని ముగించేసి దానికోసం ఊరికే కూర్చుంటున్నాయండీ!"

ఆయన "ఆయ్, ఆయ్" అంటూనే పెరుగన్నం కూడా ముగించారు. నేనింకా పప్పన్నంలోనే ఉన్నాను. తలెత్తితే, ఎంగిలి చేతులు ఎండిపోతుండగా బంతిలో కూర్చున్నవాళ్లంతా నన్నే చూస్తున్నారు. మా వైపు ఒకరు తింటుంటే మిగతావాళ్లు లేవరు. వెనక రెండో బంతివాళ్లు ఆకలితో నిలబడి ఉన్నారు.

వడ్డన చూస్తున్న పెళ్లికూతురి పెదనాన్నగారు నా పాఠమంతా విన్నట్టున్నారు. వంగి, ఎంతో మర్యాదగా అన్నారు:

"కంగారుపడకండి మేస్టారూ, నిదానంగా కానివ్వండి. నాలుగోది అవ్వందే మిగతావి లేవవు కదండీ!"

పెరుగన్నం వదులుకుని లేచాను. సాయంత్రం ప్రోగ్రాం సరిచేశాను, ఇప్పుడు పరుగెడుతోంది. నన్ను సరిచేసే ఉపాయం తెలిసినవాళ్లుంటే చెప్పండి, ఎల్లుండి ఇంకో పెళ్లుంది.